హాస్టల్లో మా పాప ఏడవడం మానేసింది, నాకు అదే భయంగా ఉంది

కొత్తగూడెం అమ్మ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా పాప ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. జూన్‌లో హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేశాం. పేరు రాయను. ఏడాదికి 2 లక్షల 10 వేలు. లక్షా 40 వేలు కట్టేశాం, మిగతా 70 వేలు నవంబర్ 15 లోపు కట్టమని రోజూ మెసేజ్ వస్తోంది. మా ఆయన సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. నేను ఇంటి ముందు గదిలో మగ్గం వర్క్ చేస్తాను, బ్లౌజులు కుడతాను. మాకు ఒక్కతే కూతురు.

చేరేటప్పుడు తనే ఒప్పుకుంది, అబద్ధం చెప్పను. నీట్ రాసి డాక్టర్ అవుతానంది. 2022లో మా ఊళ్ళోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది కదా, అప్పటి నుంచి మా అత్తమ్మ ఆ దారిలో ఆటో ఎక్కితే చాలు, "మా మనవరాలు చదివేది ఇందులోనే" అని డ్రైవర్‌కు కూడా చెబుతుంది.

జూన్, జులైల్లో ప్రతి ఆదివారం ఫోన్లో ఏడ్చేది. వార్డెన్ ఫోన్ నుంచి ఐదు నిమిషాలు ఇస్తారు. వెనకాల లైన్లో ఉన్న పిల్లలు "తొందరగా పెట్టవే" అనడం నాకు వినపడేది. "అమ్మా, తీసుకుపో, కొత్తగూడెంలోనే చదువుకుంటా" అనేది. ఫోన్ పెట్టేశాక నేనూ ఏడ్చి, ముఖం కడుక్కుని మగ్గం ముందు కూర్చునేదాన్ని. రెండు నెలలు పోతే అలవాటు పడుతుందని అందరూ చెప్పారు. మా బావగారి అబ్బాయి కూడా అలాగే అలవాటు పడ్డాడట.

సెప్టెంబర్ నుంచి ఏడవడం లేదు. "బాగున్నా. తిన్నా. చదువుతున్నా. సరే మరి." ఐదు నిమిషాల ఫోన్ నిమిషంన్నరలో అయిపోతోంది. "చూశావా, సెట్ అయింది" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను, దసరాకు వచ్చేదాకా.

నాలుగు రోజులు సెలవిచ్చారు. ఏటా బతుకమ్మ పేర్చేది తనే. గునుగు పూలకు రంగులు అద్దేటప్పుడు నన్ను దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. ఈసారి "నువ్వే పేర్చమ్మా" అని పడుకుంది. మర్నాడు తెల్లవారుజామున దాహమేసి లేచాను. గడియారంలో 4:45. పాప మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బోటనీ పుస్తకం. లైటు లేదు, చీకటి. "ఏంటి నాన్నా" అంటే "బెల్ కొట్టారనుకున్నా" అంది.

పొద్దున ఐదు నిమిషాల్లో అన్నం తినేసింది. కంచం కడుక్కుని చేతిలో పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. పుట్టి పెరిగిన ఇంట్లో. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. ఏమైంది అని ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు". తిరిగి పంపేటప్పుడు మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో వాళ్ళ నాన్న తీసుకెళ్ళారు. రైలు కదిలితే చెయ్యి కూడా ఊపలేదు.

తీసుకొచ్చేద్దాం అంటే మా ఆయన ఒప్పుకోవడం లేదు. డబ్బు పోతుంది, ఏడాది పోతుంది, ఇంట్లో ఉంటే ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది అంటున్నారు. ఆయన మొండివాడేం కాదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, నిద్రపోకుండా ఫీజు కోసం బ్యాంకుకు వెళ్ళిన మనిషి. పదో తరగతితో తన చదువు ఆగిపోయింది, పాపది ఆగకూడదన్నదే ఆయన బాధ.

పిల్ల నోరు తెరిచి తీసుకెళ్ళమని అడగడం లేదు. అడగకపోయినా తీసుకురావచ్చా? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

గుంటూరు నాన్న:

అమ్మా, కోప్పడకండి, ఉన్నమాట చెబుతాను. మా వాడూ ఇలాగే గోల చేశాడు. మా ఆవిడ రెండుసార్లు బ్యాగు సర్దుకుని తీసుకురావడానికి బయల్దేరితే నేనే ఆపాను. ఇప్పుడు వరంగల్ ఎన్‌ఐటీలో థర్డ్ ఇయర్. ఈ కాలం పిల్లలకు ఓర్పు తక్కువ. మేం రోజూ ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కి చదువుకున్నాం, ఎవరితో చెప్పుకున్నాం? ఇప్పుడు వాళ్ళ మాట వింటే రేపు వాళ్ళే "అప్పుడెందుకు విన్నారు" అని అడుగుతారు. ఫీజు కట్టేసి గుండె రాయి చేసుకోండి.

కొత్తగూడెం అమ్మ:

అన్నయ్యా, మీ అబ్బాయి చివరిదాకా ఏడ్చాడా, మధ్యలో మానేశాడా? మా పాప ఏడుస్తున్నన్నాళ్ళూ నేనూ మీలాగే అనుకున్నాను.

గుంటూరు నాన్న:

రెండేళ్ళూ ఏడ్చాడమ్మా. ఏడుస్తూనే వార్డెన్‌ని, మెస్‌ని, నన్ను కలిపి తిట్టేవాడు. చీకట్లో కూర్చోవడం లాంటివి లేవు. మీది వేరే సంగతిలా ఉంది. తెలిసినవాళ్ళెవరైనా చెబుతారేమో చూడండి.

పాత జువాలజీ మాస్టారు:

అమ్మా, నేను 11 ఏళ్ళు కార్పొరేట్ కాలేజీల్లో జువాలజీ చెప్పాను, మూడు క్యాంపస్‌లు మారాను. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పని చేస్తున్నాను. లోపల జరిగేది చెబుతాను, నిర్ణయం మీది.

నేను చూసిన క్యాంపస్‌ల్లో పొద్దున ఐదింటికి ముందే బెల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. వారం చివర టెస్టు, సోమవారం సాయంత్రానికి ర్యాంకు షీటు గోడ మీద. ఆ ర్యాంకులను బట్టి నెలకో, రెండు నెలలకో సెక్షన్లు మారుస్తారు. కొన్ని చోట్ల సెక్షన్‌తో పాటు గది కూడా మారుతుంది. అంటే కింది సెక్షన్‌కు దిగిన పిల్లకు మార్కుతో పాటు స్నేహితురాలూ పోతుంది. పదో తరగతి దాకా బడికి ఫస్ట్ వచ్చిన పిల్ల ఒక్కసారిగా 600 మందిలో 340 అయితే ఎలా ఉంటుందో మనం ఊహించలేం. నేను చూసినంతలో ఈ కుదుపు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే ఎక్కువ. మీ పాప సెప్టెంబర్ నుంచి మారిందన్నారు. సెక్షన్ మార్చారేమో ముందు అది కనుక్కోండి.

వార్డెన్ ఎంత మంచిదైనా ఆ ఫోన్లో నిజం బయటికి రాదు. ఆదివారం వెళ్ళకండి, ఆదివారం సాంబార్లో కూడా ముక్కలుంటాయి. బుధవారమో గురువారమో చెప్పకుండా వెళ్ళండి. గేటు దగ్గర రెండు నిమిషాలు చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. డాక్టర్‌కు చూపించాలని రాసిచ్చి బయటికి తీసుకెళ్ళండి, నిజంగానే చూపించండి. జుట్టు, నిద్ర, తిండి, నెలసరి అన్నీ డాక్టరమ్మ అడుగుతుంది. బ్లడ్ టెస్ట్ చేయించండి.

ఇంకొకటి. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసు అది. వంద మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ని పెట్టాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో మార్గదర్శకాలున్నాయి. ఆఫీసులో కూర్చుని "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి మాట్లాడాలి" అని మామూలుగా అడగండి. పోట్లాడక్కర్లేదు. వాళ్ళు ఎవరిని పిలుస్తారో చూడండి, చాలు.

తీసుకురావాలనుకుంటే మాత్రం కోపంలో టీసీ తీసుకోకండి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. కాలేజీకి వెళ్ళకుండా ప్రైవేటుగా ఇంటర్ కట్టే వీలు ఆర్ట్స్ గ్రూపులకే, బైపీసీకి లేదు. పేరు ఏదో ఒక కాలేజీ రోల్లో ఉండాలి. నవంబర్ పరీక్ష ఫీజులు కట్టించుకునే నెల, అది తప్పిపోకూడదు. అదే యాజమాన్యానికి మీ దగ్గర్లో బ్రాంచ్ ఉంటే అక్కడ డే స్కాలర్‌గా మార్చమని అడగండి. ఫస్టియర్ పరీక్షలయ్యాక సెకండియర్‌కు వేరే కాలేజీ చూసుకోవచ్చు. మాట్లాడేది ఏదైనా ఆ 70 వేలు కట్టకముందే మాట్లాడండి. కట్టాక వెనక్కి ఇచ్చిన యాజమాన్యాన్ని నేనైతే చూడలేదు.

మీ ఆయనకు ఈ లెక్క చెప్పండి. 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షల మంది. ఎంబీబీఎస్ సీట్లు దేశం మొత్తం మీద, ప్రైవేటువి కూడా కలిపి, లక్షా ఇరవై వేల దరిదాపు. హాస్టల్లో ఉంటే సీటు, ఇంటికొస్తే లేదు అన్నట్టుగా ఏం ఉండదు. పేపర్లో 720 మార్కులకు 360 బయాలజీవే, దానికి ప్రాణం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. అది ఎక్కడ కూర్చున్నా చదవచ్చు. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అన్నట్టు ఎందుకు చూస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ జిల్లాలోనే అశ్వారావుపేటలో వ్యవసాయ కాలేజీ ఉంది, దానికి ఎప్‌సెట్ ర్యాంకు చాలు.

పాప ఎప్పుడైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఆ రోజే తీసుకొచ్చేయండి. 14416 టెలీ మానస్ నంబర్, మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులుండవు. మీరు కూడా చేయవచ్చు, పాపే చేయాలని లేదు.

బీటెక్ అమ్మాయి:

ఆంటీ, మీ పోస్టు చదివి మా అమ్మకు ఫోన్ చేశాను.

నేనూ రెండేళ్ళు హాస్టల్లోనే చదివాను, ఎంపీసీ. "బాగున్నా" అనే మాట ఎలా వస్తుందో చెబుతాను. మొదట్లో ఏడిస్తే ఇంటికి తీసుకెళ్తారని ఆశ ఉంటుంది. తీసుకెళ్ళరని తెలిశాక, మనం ఏడిస్తే అమ్మ ఏడుస్తుంది, తర్వాత నాన్నతో గొడవ పడుతుంది, ఇంకేం జరగదు అని అర్థమవుతుంది. అప్పుడు "బాగున్నా" అంటాం. అది మీ కోసం చెప్పే మాట ఆంటీ. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు, తను మిమ్మల్ని నమ్మడం మానేసిందనుకోకండి అని చెబుతున్నాను.

"ఎలా ఉన్నావు", "ఏమైంది" అని అడగకండి. వాటికి జవాబు రెడీగా ఉంటుంది. పక్క మంచం ఎవరిది, బాత్రూమ్ దగ్గర ఎంతసేపు నిలబడ్డావు, నిన్న పెరుగన్నం వచ్చేసరికి పెరుగు ఉందా, ఇలాంటివి అడగండి. ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి. నాకైతే పెరుగు దగ్గర ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

మా అమ్మా నేనూ ఒక గుర్తు పెట్టుకున్నాం. వార్డెన్ పక్కనున్నప్పుడు "పిన్ని వాళ్ళ కుక్కకు తగ్గిందా?" అని అడిగితే నాకు బాలేదు అని అర్థం. పిన్ని వాళ్ళకు కుక్కే లేదు. రెండేళ్ళలో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అమ్మ మర్నాడు వచ్చింది. నేను మధ్యలో వచ్చేయలేదు, చివరిదాకా ఉన్నాను. అడిగితే వస్తుందని తెలుసు కాబట్టి ఉండగలిగాను.

సెక్షన్ షఫ్లింగ్ గురించి మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పరుపు చుట్టుకుని మెట్లు దిగడం అందరూ చూస్తారు.

ఒంగోలు స్పేర్ పార్ట్స్:

అక్కా, మేం తెచ్చేసుకున్నాం. అందుకే రాస్తున్నా. తెచ్చుకుంటే అంతా బాగైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు.

మావాడు మొదటి మూడు వారాలు పడుకున్నాడు. తిండికి లేస్తాడు, పడుకుంటాడు. నేను షాపు నుంచి ఫోన్ చేసి "లేచాడా" అని రోజుకు నాలుగుసార్లు అడిగేవాణ్ణి. తర్వాత ఫోన్ మొదలైంది. రాత్రి రెండింటి దాకా. క్లాసులు చూస్తున్నానంటాడు, వెనక నుంచి చూస్తే గేమ్. ఒక రోజు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు రోజులు అన్నం తినలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో ముగ్గురు, మూడు మూలలు.

చివరికి కుదిరింది ఏంటంటే, రాత్రి పదిన్నరకు ముగ్గురి ఫోన్లూ హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌లో పెట్టడం. నాది కూడా. నాది పెట్టడమే కష్టమైంది, పార్టీలు రాత్రిళ్ళు కూడా ఆర్డర్లు పంపిస్తారు. నేను ఒక రోజు మర్చిపోతే వాడు వచ్చి "నాన్నా, ఫోన్" అని చెయ్యి చాపాడు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ ఇచ్చేశాను.

చుట్టాలు వేరే సమస్య. "ఏం, ఉండలేకపోయాడా?" అని వాడి ముందే అడుగుతారు. దానికి ముందే ఒక జవాబు అనుకుని ఉంచుకోండి, ఇంట్లో అందరూ అదే చెప్పాలి. మేం "ఆరోగ్యం బాలేదు" అన్నాం. వాడు తర్వాత నన్ను నిలదీశాడు, "నాకు జబ్బని ఎందుకు చెప్పావు" అని. కాబట్టి ఆ జవాబేదో పాపనే అడిగి పెట్టుకోండి.

మావాడు ఇప్పుడు డిగ్రీ. ర్యాంకు రాలేదు. నాతో కూర్చుని భోంచేస్తాడు. నేను తప్పు చేశానేమో అని నెలకోసారి అనిపిస్తుంది, అబద్ధమెందుకు.

కొత్తగూడెం అమ్మ:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. వెళ్ళొచ్చాను.

మాస్టారు చెప్పినట్టే మంగళవారం రాత్రి రైలెక్కి బుధవారం పొద్దున కాలేజీకి వెళ్ళాను. గేటు దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు. కౌన్సెలర్‌తో మాట్లాడాలంటే రిసెప్షన్‌లో అమ్మాయి ఇంకో అమ్మాయి వంక చూసి, ఫీజులు చూసుకునే సారును పిలిచింది. ఆయన "ఏం ప్రాబ్లమ్ మేడమ్, బ్యాలెన్స్ కట్టేశారా" అన్నారు.

పాప వచ్చింది. నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు, "ఎవరికేమైంది?" అంది. ఇంట్లో ఎవరో పోయారనుకుందట.

డాక్టర్ దగ్గరికని రాసిచ్చి బయటికి తీసుకొచ్చాను. టిఫిన్ సెంటర్లో కూర్చుని, ఆ బీటెక్ అమ్మాయి చెప్పినట్టు పక్క మంచం ఎవరిది అని అడిగాను. కాసేపు ఇడ్లీని చట్నీలో తిప్పింది. తర్వాత మొదలుపెట్టింది. సెప్టెంబర్ మొదటి వారంలో మొదటి సెక్షన్ నుంచి నాలుగోదానికి మార్చారట. గది మారింది. పాత గదిలో ఒక్కతే స్నేహితురాలు, మెస్‌లో కలిస్తే ఆ అమ్మాయి తల తిప్పుకుంటోందట. కింది సెక్షన్ వాళ్ళతో తిరిగితే ర్యాంకు పోతుందని వాళ్ళమ్మ చెప్పిందట. ఆ అమ్మను తిట్టుకుందామనుకున్నాను. జూన్‌లో "బాగా చదివేవాళ్ళతోనే ఉండు" అని నేనూ చెప్పాను.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమని పాపతో మాట్లాడింది. మూడు నెలలుగా నెలసరి రావడం లేదట, నాకు కూడా చెప్పలేదు. హిమోగ్లోబిన్ 8.1. మందులు రాసి, కనీసం నెల రోజులు ఇంటి తిండి, నిద్ర ఉండాలని చెప్పి లెటర్ ఇచ్చింది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది.

మా ఆయనకు ఫోన్ చేసి ఈ రిపోర్టు చదివాను. ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత "అది ఎంతుండాలి?" అన్నారు. పన్నెండు అన్నాను. వెనకాల డంపర్ల చప్పుడు వినిపిస్తోంది. "తీసుకొచ్చెయ్" అన్నారు.

టీసీ తీసుకోలేదు. పరీక్ష ఫీజు కట్టి రసీదు తీసుకున్నాను. ఖమ్మం బ్రాంచ్‌లో డే స్కాలర్‌గా మారుస్తామన్నారు, మా అక్క వాళ్ళిల్లు అక్కడే. కట్టిన డబ్బు అందులో సర్దుతామని కాగితం మీద రాసివ్వమంటే "చూద్దాం మేడమ్" అంటున్నారు. ఆ 70 వేలు ఇంకా కట్టలేదు. అత్తమ్మకు మాత్రం రక్తం తక్కువుందని నిజమే చెప్పాం, అలా చెబితే చాలని పాపే అంది. ఆమె రోజూ తోటకూర వండుతోంది.

వచ్చి తొమ్మిది రోజులైంది. ఇంకా 4:45కే లేస్తోంది. పడుకోమంటే పడుకోలేకపోతోంది, అందుకని నేనూ లేస్తున్నాను. నిన్న ఊరికే కూర్చోవడం ఎందుకని లైటు వేసి ఆరి సూది చేతికిచ్చాను. ఒక పెళ్ళి బ్లౌజు చేతి మీద నెమలి కన్ను మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి ఆరయింది, అక్కడే మగ్గం పక్కన నిద్రపోయింది. కన్ను వంకరగా వచ్చింది, పూసలు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆ బ్లౌజు శుక్రవారం ఇవ్వాలి. తను స్నానానికి వెళ్ళినప్పుడు విప్పి కుట్టాలి.